ఉప్పల్ దగ్గరైంది, టికెట్టు దూరమైంది

వరంగల్ దిక్కు నుంచి వచ్చే బస్సుకు హైదరాబాద్ అంటే ముందు ఉప్పలే. ఘట్‌కేసర్, నారపల్లి, బోడుప్పల్ దాటి ఉప్పల్ రింగురోడ్డు దగ్గరికి వచ్చేసరికి సగం బస్సు ఖాళీ అవుతుంది. దంతాలపల్లి, తొర్రూరు, జనగామ, మహబూబాబాద్ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లలో చాలామంది కాపురాలు పెట్టింది కూడా ఈ చుట్టుపక్కలే. అక్కడి నుంచి కూతవేటు దూరంలో రాజీవ్ గాంధీ స్టేడియం. మెట్రో ఎక్కితే ఫ్లడ్‌లైట్ల స్తంభాలు కిటికీలోంచే కనిపిస్తాయి. ఒకప్పుడు పెద్ద మ్యాచ్ చూడాలంటే నగరం నడిబొడ్డున ఉన్న ఫతేమైదాన్ దాకా పోవాల్సి వచ్చేది. 2005లో క్రికెట్టే మన బస్సు దారిలోకి వచ్చి కూర్చుంది. మైదానం ఇంత దగ్గరైన కాలంలోనే టికెట్టు మాత్రం చేతికందకుండా పోయింది. ఇది ఆ టికెట్టు కథ. దాన్ని అమ్మిన సంఘం ఎట్లా కూలిందన్నదీ ఇందులోనే ఉంది. రెండింటినీ విడదీసి చెప్పడం కుదరదు.

హైదరాబాద్ క్రికెట్ సంఘం 1934లో పుట్టింది. అప్పటికే మొయినుద్దౌలా గోల్డ్ కప్ పోటీలు మొదలై నాలుగేళ్లు. దేశంలోని పెద్ద ఆటగాళ్లంతా ఆ కప్పు కోసం హైదరాబాద్ వచ్చి ఆడిపోయేవారు. సంఘం పుట్టిన నాలుగేళ్లలోపే, 1937-38 సీజన్‌లో, హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది. నవానగర్ మీద ఫైనల్లో ఒక్కటంటే ఒక్క వికెట్ మిగిలి ఉండగా గెలుపు. ఐబారా 137 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. తర్వాత వచ్చిన పేర్లు చెప్పుకుంటే చాలు, నోరు తీపవుతుంది: గులాం అహ్మద్, జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, అబిద్ అలీ, పటౌడీ నవాబు. జయసింహ మెడ దగ్గర పైకెత్తిన కాలరు, చేతికి బిగించిన సిల్కు చొక్కా మీద అప్పటి కాలేజీ కుర్రాళ్లకు ఉన్న మోజు గురించి ఆ తరం వాళ్లు ఇప్పటికీ కథలు చెబుతారు.

1955 నవంబరులో ఫతేమైదాన్‌లో తొలి టెస్టు జరిగింది, న్యూజిలాండ్ మీద. భారత కెప్టెన్ మన గులాం అహ్మదే. పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో భారతీయుడు కొట్టిన మొదటి డబుల్ సెంచరీ అదే. ఔరంగజేబు సైన్యం గోల్కొండను ముట్టడించినప్పుడు డేరాలు వేసుకున్న నేల మీద ఆ రికార్డు పుట్టింది. 1967లో ఆ మైదానం లాల్ బహదూర్ స్టేడియం అయింది. అయినా పాత హైదరాబాదీలకు అది ఫతేమైదానే.

అదే మైదానంలో 1969లో ఒక చేదు ఘట్టం. మళ్లీ న్యూజిలాండే. భారత్ 50 దాటకముందే తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంది. చివరి జోడీ వెంకటరాఘవన్, బేడీ కాసేపు నిలబడి స్కోరును 89 దాకా లాక్కొచ్చారు. వాళ్లను అభినందించాలని ఒక కుర్రవాడు మైదానంలోకి పరుగెత్తాడు. పోలీసు దెబ్బకు అతని తల నుంచి రక్తం కారింది. గ్యాలరీలు భగ్గుమన్నాయి, కుర్చీలు గాల్లోకి లేచాయి. చివరికి ఆ టెస్టులో మనల్ని కాపాడింది వాన. అభిమానికీ లాఠీకీ మధ్య జరిగిన ఈ తొలి పరిచయాన్ని గుర్తు పెట్టుకోవాలి, యాభై మూడేళ్ల తర్వాత ఇదే నగరంలో మళ్లీ కలుస్తారు.

కానీ మంచి రోజులు ఇంకా అయిపోలేదు. 1986-87లో ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో హైదరాబాద్ ఢిల్లీకి వెళ్లి, ఢిల్లీని వాళ్ల గడ్డ మీదే మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో దాటి రెండోసారి రంజీ తెచ్చింది. అప్పటికే అజారుద్దీన్ మణికట్టు దేశమంతటా మారుమోగుతోంది. పదేళ్లు తిరక్కుండా లక్ష్మణ్ వచ్చాడు. 1999 నవంబరు 8న ఎల్బీ స్టేడియంలో సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153. ఇద్దరూ కలిసి రెండో వికెట్‌కు 331 పరుగులు చేశారు. ఆ రోజు స్టేడియంలో ఉన్నామని చెప్పుకునేవాళ్ల సంఖ్య స్టేడియం సామర్థ్యాన్ని ఎప్పుడో దాటేసింది. అది వేరే సంగతి.

ఆ రోజుల్లో టికెట్టు కాగితం. స్టాండు పేరు, వరుస, సీటు నంబరు, ఒక పక్క చింపడానికి చుక్కల గీత. కౌంటరు ముందు నిలబడాలి, డబ్బివ్వాలి, కాగితం తీసుకోవాలి. జిల్లాల నుంచి వచ్చేవాళ్లు ముందురోజు సాయంత్రమే బయల్దేరి, చుట్టాలింట్లో పడుకుని, తెల్లారకముందే లైన్లో చేరేవాళ్లు. ఊరికి ఒక్కడు వచ్చి నలుగురైదుగురి డబ్బులు లుంగీ మడతలో పెట్టుకుని టికెట్లు పట్టుకెళ్లడమూ ఉండేది. దొరక్కపోతే తిట్టుకుంటూ వెనక్కి తిరిగేవాడు, కానీ ఎందుకు దొరకలేదో కళ్లతో చూసి తిరిగేవాడు. ముందు నిలబడ్డవాడికి దొరికింది, వెనక నిలబడ్డవాడికి లేదు. దాంట్లో ఓ న్యాయముంది.

అయితే ఈ కిటికీకి పక్కనే ఇంకో తలుపు ఎప్పుడూ ఉండేది. దాని పేరు పాస్. మంత్రిగారి పేషీకి, పోలీసు పెద్దలకు, కార్పొరేషన్‌కు, కరెంటు ఆఫీసుకు, క్లబ్బు కార్యదర్శులకు, వాళ్ల బావమరుదులకు. పాస్ మీద మ్యాచ్ చూడటం హైదరాబాద్‌లో ఒక హోదా. డబ్బు పెట్టి టికెట్టు కొన్నానంటే, ‘అయ్యో, ఒక్క మాట చెబితే నేను ఇప్పించేవాణ్ణి కదా’ అని జాలిపడే పెద్దమనుషుల్ని చూడనివారు ఈ నగరంలో ఉండరు. ఆటను డబ్బు పెట్టి చూసేవాడే అమాయకుడన్న ఈ లెక్క సంఘం లోపలికి ఎంత లోతుగా పోయిందో బయటపడటానికి చాలా ఏళ్లు పట్టింది.

ఉప్పల్ స్టేడియం కట్టినప్పుడు మాత్రం అందరికీ ఆశే. 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో తొలి వన్డే. యువరాజ్ సెంచరీ కొట్టాడు, గెలిచింది వాళ్లు. మొదట విశాఖ పేరు పెట్టుకున్న స్టేడియం తర్వాత రాజీవ్ గాంధీ పేరుకు మారింది, ఆ పేరు పంచాయితీ కోర్టుకెక్కింది. పుట్టుకతోనే వ్యాజ్యం అన్నమాట. 2009 నవంబరు 5న ఆస్ట్రేలియా 350 కొడితే సచిన్ ఒంటిచేత్తో 175 చేసినా, మరో చేయి తోడులేక, మూడు పరుగుల దూరంలో మ్యాచ్ చేజారింది. ఆ రాత్రి ఉప్పల్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డ వాళ్ల మొహాలు ఇంకా గుర్తున్నాయనే తొర్రూరు మిత్రులు నాకున్నారు. అదే ఏడాది డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ గెలిచింది, మూడేళ్లకే అప్పుల్లో మునిగి పేరే లేకుండా పోయింది. సన్‌రైజర్స్ వచ్చింది, 2016లో కప్పు తెచ్చింది.

మైదానం వెలుగుతూ ఉండగా ఆఫీసు గదుల్లో చీకటి మొదలైంది. సంఘంలో ఓటు క్లబ్బులది. ఆ క్లబ్బుల్లో సింహభాగం జంటనగరాలవి. కొన్ని క్లబ్బులకు ఆటగాళ్లకన్నా ఓటే ముఖ్యమన్న మాట బహిరంగ రహస్యం. జిల్లాలకు ఉన్నది నామమాత్రపు వాటా. దంతాలపల్లి నేల మీద బంతి విసిరే కుర్రాడికి ఆ సంఘంలో ఓటు లేదు, గొంతు లేదు, సెలక్షన్ ట్రయల్స్ ఎప్పుడో చెప్పే మనిషి లేడు. ఆ పెద్ద సంస్థతో అతనికి మిగిలిన ఒకే ఒక్క సంబంధం టికెట్టు. డబ్బిచ్చి, కాగితం తీసుకుని, ఒక రోజంతా ఆ ఇంట్లో కూర్చునే హక్కు. దాన్ని తెంపడమంటే వాణ్ణి పూర్తిగా బయటికి నెట్టడమే.

2019 సెప్టెంబరులో అజారుద్దీన్ సంఘం అధ్యక్షుడయ్యాడు. ఆటగాడు వచ్చాడు, ఇక బాగుపడుతుందని అభిమానులు సంబరపడ్డారు. ఆ డిసెంబరు 6న వెస్టిండీస్‌తో టీ20. కోహ్లీ 94 నాటౌట్‌తో 208 పరుగుల లక్ష్యాన్ని ఛేదించిన రాత్రి. ఆ తర్వాత కరోనా. కరోనాతో పాటు కార్యవర్గంలో కీచులాటలు. 2021లో అపెక్స్ కౌన్సిల్ అధ్యక్షుణ్ణి పక్కనపెడుతుంది, అంబుడ్స్‌మన్ మళ్లీ కూర్చోబెడతాడు. ఒకరి సంతకం ఇంకొకరికి చెల్లదు. చివరికి 2022 ఆగస్టులో సుప్రీంకోర్టే జోక్యం చేసుకుని, జస్టిస్ కక్రూ ఆధ్వర్యంలో పర్యవేక్షణ కమిటీ వేసింది. కమిటీకి ఒక దిక్కు, అధ్యక్షుడికి ఒక దిక్కు ముఖం. సరిగ్గా అప్పుడే దాదాపు మూడేళ్ల విరామం తర్వాత ఉప్పల్‌కు అంతర్జాతీయ మ్యాచ్ వచ్చింది: 2022 సెప్టెంబరు 25, ఆదివారం, ఆస్ట్రేలియాతో మూడో టీ20.

మూడేళ్లు ఆకలితో ఉన్నవాళ్లకు విందు పిలుపు అందింది. ఆన్‌లైన్‌లో పెట్టిన టికెట్లు పెట్టినట్టే మాయమయ్యాయి. మిగతావి కౌంటర్లో అమ్ముతారని ఒక మాట, ఎప్పుడో ఎక్కడో తెలియని అయోమయం. సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర జనం ముందే గుమిగూడారు, అడిగారు, అరిచారు. సెప్టెంబరు 22, గురువారం పొద్దున అమ్ముతామని చెప్పారు.

ఆ గురువారం సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. తెల్లవారుజాము నుంచే లైన్లు. కాలేజీ పిల్లలు, ఆటో డ్రైవర్లు, రాత్రి బస్సుల్లో దిగిన జిల్లాల కుర్రాళ్లు, కొడుకు కోసం టికెట్టు తెస్తానని వచ్చిన తల్లులు. ఆడవాళ్ల లైను వేరే. ఉన్నవి కొద్ది కౌంటర్లు, వచ్చినవాళ్లు వేలు. ఎన్ని టికెట్లు ఉన్నాయో చెప్పే బోర్డు లేదు. ఒక్కో మనిషికి ఎన్నిస్తారో ఖచ్చితంగా చెప్పేవాడు లేడు. గంటలు గడిచేకొద్దీ వెనకవాళ్లకు భయం పట్టుకుంది, టికెట్లు అయిపోతున్నాయేమోనని. భయపడ్డ జనం ముందుకే నెడతారు. గేటు దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. పోలీసులు లాఠీలు ఎత్తారు. చెప్పులు, నీళ్ల సీసాలు, చిరిగిన చొక్కాలు నేల మీద మిగిలాయి. ఊపిరాడక పడిపోయిన ఒక మహిళకు మహిళా కానిస్టేబుల్ ఒకరు గుండె మీద ఒత్తి ఒత్తి, నోట్లోకి గాలి ఊది ప్రాణం నిలబెట్టింది. ఆమె చనిపోయిందన్న వదంతి అప్పటికే టీవీల్లో తిరుగుతోంది. గాయపడ్డవాళ్లను ఆసుపత్రులకు చేర్చారు. ఆ రోజు ప్రాణాలు పోలేదంటే అది ఏర్పాట్ల గొప్పతనం కాదు, ఆ కానిస్టేబుల్ లాంటి వాళ్ల చేతి చలువ.

సాయంత్రానికి అసలు తమాషా మొదలైంది. క్రీడల మంత్రి సంఘాన్ని పిలిపించి నిలదీశారు. పోలీసులు సంఘం మీద కేసులు పెట్టారు. అధ్యక్షుడు విలేకరుల ముందుకొచ్చి తప్పు తమది కాదన్నారు. ఆన్‌లైన్‌లో అమ్మింది పేటీఎం కదా అన్నది సంఘం వైపు మాట. సంఘం అధ్యక్షుణ్ణి అంటుంది, అధ్యక్షుడు సంఘాన్ని అంటాడు, ఇద్దరూ కమిటీని చూపిస్తారు. ఇన్ని టికెట్లలో ఎన్ని ఆన్‌లైన్‌లో అమ్మారు, ఎన్ని కౌంటర్‌కు ఇచ్చారు, ఎన్ని పాస్‌లు పంచారు అన్న ఒక్క ప్రశ్న మాత్రం అందరి చేతుల మీదుగా దాటిపోయింది. జింఖానా గేటు దగ్గర పడిపోయినవాళ్లు అడిగింది అదొక్కటే.

మ్యాచ్ అద్భుతంగా జరిగింది. కామెరాన్ గ్రీన్ 21 బంతుల్లో 52 కొట్టాడు, ఆస్ట్రేలియా 186 చేసింది. సూర్యకుమార్ 69, కోహ్లీ 63. ఒక్క బంతి మిగిలి ఉండగా గెలుపు, సిరీస్ మనది. గెలుపు సందడిలో గురువారాన్ని మరచిపోవడానికి అందరికీ వీలు చిక్కింది.

నాలుగు నెలలు గడిచాయి. 2023 జనవరి 18న న్యూజిలాండ్‌తో వన్డే. ఈసారి కౌంటరే లేదన్నారు. టికెట్లన్నీ ఆన్‌లైన్‌లోనే. జింఖానా పునరావృతం కాకూడదన్నది సంఘం చెప్పిన కారణం, కాదనలేని కారణమే. అప్పుడు సంఘం వెల్లడించిన లెక్క ఒకటుంది, దాన్ని కళ్లకద్దుకోవాలి, ఎందుకంటే అంత స్పష్టమైన లెక్క అంతకుముందు మనకెవరూ చెప్పలేదు. స్టేడియంలో కుర్చీలు 39,112. అమ్మకానికి పెట్టేవి 29,417. మిగిలిన 9,695 కాంప్లిమెంటరీ.

అంటే ప్రతి నాలుగు కుర్చీల్లో ఒకటి అమ్మకానికే రాదు. జింఖానా గేటు దగ్గర తొక్కిసలాటకు జనమే కారణమని అన్నవాళ్లు ఈ అంకెను ఒకసారి గోడ మీద రాసుకుని చూడాలి. తొమ్మిది వేల ఆరు వందల తొంభై అయిదు మంది ఏ లైన్లోనూ నిలబడలేదు.

ఆన్‌లైన్ అంటే ఫోన్ తెరిచి, డబ్బు కట్టి, గేటు దగ్గర చూపించడమే అనుకుంటాం. కాదు. కొన్నవాళ్లు ఫోన్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్, గుర్తింపు కార్డు పట్టుకుని ఎల్బీ స్టేడియానికో గచ్చిబౌలి స్టేడియానికో పోయి కాగితం టికెట్టు తీసుకోవాలి. అదీ జనవరి 15 నుంచి 18లోపు. 15 అంటే ఆ ఏడాది సంక్రాంతి. దంతాలపల్లి వైపు ఊళ్లలో సంక్రాంతి అంటే పట్నం కుర్రాళ్లంతా ఇంటికొచ్చే రోజు, పొలాల్లో టెన్నిస్ బాల్ టోర్నమెంట్లు, సాయంత్రం గెలిచినవాళ్లకు కప్పు, ఓడినవాళ్లకు మాటలు. ఆ పండుగ రోజుల్లోనే వీళ్లను నగరం అవతలి అంచున ఉన్న గచ్చిబౌలికి రమ్మన్నారు. మ్యాచ్ ఉప్పల్‌లో, టికెట్టు గచ్చిబౌలిలో. ఉప్పల్ దాటుకుని పోయి కాగితం తెచ్చుకుని మళ్లీ ఉప్పల్‌కే రావాలి. ఈ ఏర్పాటు చేసినవాళ్లకు జిల్లా బస్సు ఎటు నుంచి వస్తుందో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు.

అభిమానులు దీన్ని ఎట్లా తీసుకున్నారంటే, ఒక్క మాటలో తేలేది కాదు. నగరంలో ఉద్యోగం చేసుకునే పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. లాఠీ తప్పింది, తెల్లవారుజామున లేవడం తప్పింది. ఆడపిల్లల తల్లిదండ్రులు ఇదే మంచిదన్నారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. ఇటు జిల్లాల్లో వినిపించింది వేరు. టికెట్లు తెరిచే టైముకు నలుగురు కుర్రాళ్లు టవర్ అందే చోటు వెతుక్కుని నాలుగు ఫోన్లతో కూర్చుంటారు.

“అరేయ్, నీకు ఓటీపీ వచ్చిందార?”

“ఓటీపీ వచ్చేటాళ్లకు సీట్లు ఒడిసినయ్ అన్నా.”

“మల్ల గా చక్రం తిరుగుతాంది సూడు, గదేంది?”

“గది తిరుగుతనే ఉంటది. మనం తిరిగి ఇంటికి పోవుడే.”

ఈ నవ్వు వెనక ఒక అనుమానం కూర్చుంది. కౌంటర్ దగ్గర ఓడిపోయినవాడికి ముందు నిలబడ్డవాళ్లు కనిపించారు. ఫోన్‌లో ఓడిపోయినవాడికి ఎవరూ కనిపించరు. తనకన్నా ముందు ఎంతమంది ఉన్నారో, అసలు అమ్మకానికి ఎన్ని పెట్టారో, పెట్టినవి మనుషులు కొన్నారో యంత్రాలు కొన్నాయో తెలియదు. తెల్లారేసరికి అవే టికెట్లు మూడింతలకు, నాలుగింతలకు వాట్సాప్ గ్రూపుల్లో ప్రత్యక్షం. టికెట్టు అమ్మే పద్ధతి మారింది గాని, టికెట్టు పోయే దారి మారలేదన్న నమ్మకం అక్కడ గట్టిపడింది. ఆ నమ్మకాన్ని తుడిచే పని సంఘం ఏనాడూ చెయ్యలేదు. ఆ జనవరి మ్యాచ్‌లో శుభ్‌మన్ గిల్ 208 కొట్టాడు. టీవీలో చూశాం.

ఇలాంటి కోపం లోకంలో మనకొక్కరికే రాలేదు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త స్టాండులో టికెట్టు 77 పౌండ్లు చేస్తామంటే, సండర్లాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలో దాదాపు పదివేల మంది అభిమానులు లేచి వెళ్లిపోయారు. అప్పటికి 2-0తో గెలుస్తున్న జట్టు చివరికి 2-2తో సరిపెట్టుకుంది. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం క్షమాపణ చెప్పి ధరల పెంపును వెనక్కి తీసుకుంది. అక్కడ అభిమానులకు సంఘాలున్నాయి, వాటితో క్లబ్బు కూర్చుని మాట్లాడుతుంది. మన దగ్గర అభిమాని అంటే మొహానికి రంగు పూసుకుని కెమెరాకు చెయ్యి ఊపేవాడు. గెలిస్తే వాడి అరుపు కావాలి. టికెట్టు దగ్గర వాడి మాట అక్కర్లేదు. మనవాళ్లు లేచి వెళ్లిపోవాలన్నా ముందు లోపల ఉండాలి కదా!

2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పాత కమిటీని తీసేసి జస్టిస్ లావు నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా నియమించింది. ఆ అక్టోబరు 20న ఎన్నికలు జరిగాయి. అతి స్వల్ప తేడాతో ఎ. జగన్‌మోహన్‌రావు అధ్యక్షుడయ్యారు. కొత్త ముఖాలు, పాత కుర్చీలు. 2024 ఏప్రిల్లో చెన్నైతో ఐపీఎల్ మ్యాచ్‌కు ముందురోజు, బకాయిలు కట్టలేదని విద్యుత్ శాఖ స్టేడియానికి కరెంటు తీసేసింది. ధోనీ కోసం టికెట్లు వేలకు వేలు పలుకుతున్న వారంలో, లక్షల మంది కళ్లు పెట్టుకున్న మైదానంలో, కరెంటు బిల్లు కట్టని ఇంటివాడి పరిస్థితి. తర్వాత మాటలు జరిగి దీపాలు వెలిగాయి.

పాస్‌ల తలుపు చివరికి సంఘం మీదే మూసుకుంది, 2025 వసంతంలో. మార్చి 27న లక్నోతో మ్యాచ్. ఆ తర్వాత సన్‌రైజర్స్ యాజమాన్యం సంఘానికి ఒక ఉత్తరం రాసింది. ఒప్పందం ప్రకారం మీకు 3,900 ఉచిత టికెట్లు ఇస్తూనే ఉన్నాం, అయినా ఇంకా కావాలని మమ్మల్ని వేధిస్తున్నారు, మరో ఇరవై టికెట్లు ఇస్తేగాని తెరవమని ఎఫ్-3 బాక్సుకు తాళం వేశారు, ఇట్లాగైతే హైదరాబాద్ విడిచి వెళ్లిపోతాం అన్నది అందులోని సారాంశం. సంఘం ఖండించింది. కొద్ది రోజులకు ఇద్దరూ కూర్చుని పాత ఒప్పందం ప్రకారమే పోదామని రాజీ పడ్డారు. కానీ ఉత్తరం బయటికి వచ్చేసింది. ప్రభుత్వం విజిలెన్స్ విచారణ వేసింది. దాని వెనకాల సీఐడీ కేసు. 2025 జూలై 9న అధ్యక్షుణ్ణి, మరికొందరిని సీఐడీ అరెస్టు చేసింది. ఎన్నికలో నిలబడటానికి ఒక క్లబ్బు పత్రాలు తారుమారు చేశారన్నది, నిధులు దారి మళ్లాయన్నది కూడా ఆరోపణల్లో చేరాయి. వాటి నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. అయితే తీగ లాగింది మాత్రం ఇరవై ఉచిత టికెట్లు. తొంభై ఏళ్ల సంఘం, గులాం అహ్మద్ సంఘం, జయసింహ సంఘం, ఒక తాళం వేసిన బాక్సు దగ్గర బోర్లాపడింది.

ఆ వసంతంలోనే ఇంకో సంగతి. ఉత్తరం వైపు స్టాండుకు ఉన్న అజారుద్దీన్ పేరు తీసెయ్యాలని సంఘం అంబుడ్స్‌మన్ జస్టిస్ ఈశ్వరయ్య ఏప్రిల్ 19న ఆదేశించారు. అధ్యక్షుడిగా ఉండి తన పేరు తానే పెట్టుకున్నారన్నది ఫిర్యాదు. ఇకమీద టికెట్ల మీద కూడా ఆ పేరు అచ్చు వెయ్యొద్దన్నారు. హైకోర్టు స్టే ఇచ్చింది. తొంభై తొమ్మిది టెస్టులు ఆడిన మనిషి. ఈడెన్‌లో అతని మణికట్టు చూసి ఊగిపోయిన దేశం. అతని పేరు గోడ మీద ఉండాలా వద్దా అన్నది నా దృష్టిలో చిన్న విషయమే. ఉండటానికి అర్హత ఉన్న పేరే అది. దాన్ని తనే అధ్యక్షుడిగా ఉన్నప్పుడు పెట్టించుకోవలసి రావడం, ఇంకొకరు దాన్ని టికెట్టు మీద నుంచి చెరపమనడం చూస్తే, ఈ ఇంట్లో పెద్దరికం ఎంత చిన్నబోయిందో తెలుస్తుంది.

జింఖానా నుంచి మనం నేర్చుకోవలసింది నేర్చుకున్నామా అంటే, 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట పదకొండు మంది చనిపోయారు. అక్కడా మూల కారణాల్లో ఒకటి లోపలికి పోవడానికి పాస్ ఉందా లేదా, ఎక్కడిస్తారు, ఎందరికిస్తారు అన్న అయోమయమే. మూడేళ్ల కిందట సికింద్రాబాద్‌లో తృటిలో తప్పిన చావులు పొరుగు నగరంలో తప్పలేదు.

కనుక కౌంటర్లు మళ్లీ తెరవండి, లైన్లు మళ్లీ పెట్టండి అని నేను అనను. ఆ తెల్లవారుజాము లైన్ల మీద నాకున్న మమకారం మమకారమే, దాన్ని ఒక తల్లి ఊపిరితో సమానంగా తూచలేం. ఫోన్‌లో అమ్మడం తప్పు కాదు. ఎన్ని అమ్ముతున్నారో చెప్పకుండా అమ్మడం తప్పు. నాలుగు కుర్చీల్లో ఒకదాన్ని ముందే పక్కకు పెట్టుకుని, మిగిలిన మూడింటి కోసం జనం కొట్టుకుంటే జనాన్ని అనడం తప్పు.

సంఘం ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నా, రేపు ఎవరి చేతికి వచ్చినా, జిల్లాల అభిమానిగా అడిగేది ఇంతే. ప్రతి మ్యాచ్‌కు వారం ముందు పత్రికల్లో ఒక ప్రకటన ఇవ్వండి: మొత్తం కుర్చీలు ఇన్ని, అమ్మేవి ఇన్ని, పాస్‌లు ఇన్ని, ఎవరెవరికి ఎన్ని. కాగితం టికెట్టు ఇవ్వాల్సి వస్తే గచ్చిబౌలిలో కాదు, హనుమకొండలో, ఖమ్మంలో, కరీంనగర్‌లో కూడా ఇవ్వండి. అమ్మకానికి పెట్టేవాటిలో కొంత వాటాను పాత జిల్లాల పిన్‌కోడ్లకు కేటాయించండి. పాస్‌ల మీద మ్యాచ్ చూసే పెద్దలకు కూడా ఒక మాట: మీకు ఆ టికెట్టు కొనుక్కునే స్తోమత ఉంది. ఈ ఏడాది ఒక్క మ్యాచ్‌కైనా కొనుక్కుని రండి. ఆ ఖాళీ అయిన కుర్చీని దంతాలపల్లి కుర్రాడికి అమ్మమనండి. ఉచితంగా ఇవ్వక్కర్లేదు, వాడు డబ్బులు పట్టుకునే వస్తాడు.